స్వేచ్ఛా విద్యా వనరులతో పాఠం చెప్పడం: ఉచితంగా దొరికినదంతా మార్చుకోవచ్చా?

నిశ్చలతరంగం (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. తరగతిలో సగం మంది పాఠ్యపుస్తకం కొనరు, కొనేవారిలో చాలామంది పరీక్షలు దగ్గరపడ్డాకే కొంటారు. అందువల్ల ఫలానా పుటలు చదివి రండి అని చెప్పి, మర్నాడు వాటి మీద చర్చ నడిపే అవకాశం నాకు ఏ సంవత్సరమూ దక్కలేదు. వచ్చే సెమిస్టరులో విద్యుత్తు భాగాన్ని పూర్తిగా స్వేచ్ఛా విద్యా వనరులతోనే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

వెతకడం మొదలుపెట్టిన వారానికే నా దగ్గర నలభై లింకులు పోగయ్యాయి. వాటిలో పూర్తి పాఠ్యపుస్తకాలున్నాయి, ఉపన్యాసాల వీడియోలున్నాయి, తెర మీద వలయాలు కట్టి చూసే అనుకరణలున్నాయి, లెక్కల సంపుటాలున్నాయి. ఇన్ని ఉన్నా పాఠం మాత్రం తయారు కాలేదు. ఒక పుస్తకంలో వివరణ బాగుంది, లెక్కలు మా పిల్లల స్థాయిని మించి ఉన్నాయి. మరోచోట లెక్కలు సరిగ్గా సరిపోతాయి, భాష మాత్రం కొరుకుడు పడదు. పైగా దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, నా విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు.

ఉచితంగా దింపుకోగలిగిన ప్రతిదాన్నీ తెలుగులోకి తెచ్చి, అవసరమైన చోట మార్చి, విద్యార్థులకు పంచవచ్చా? రెండు మూడు చోట్ల నుంచి తీసుకున్న భాగాలను కలిపి ఒకే పాఠంగా కూర్చవచ్చా? ఈ దారిలో ఇప్పటికే నడిచినవారు ఎవరైనా ఉంటే, ఈ పనికి ఎంత సమయం పట్టిందో కూడా దయచేసి చెప్పండి.

గ్రంథాలయదీపం

నిశ్చలతరంగం గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు కాదనే. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను, అధ్యాపకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇదే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఉచితంగా చదవనివ్వడం వేరు, మార్చుకునే హక్కు ఇవ్వడం వేరు. ఎవరైనా ఒక పుస్తకాన్ని డబ్బు తీసుకోకుండా దింపుకోనిచ్చినంత మాత్రాన దాని మీద కాపీరైటు వదులుకున్నట్టు కాదు. లైసెన్సు గురించి ఎక్కడా ఏమీ రాసి లేకపోతే సర్వహక్కులూ హక్కుదారువే అని భావించాలి. స్వేచ్ఛా విద్యా వనరు అనిపించుకోవాలంటే అది కాపీరైటు గడువు తీరి పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చినదైనా కావాలి, హక్కుదారు స్వయంగా స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసినదైనా కావాలి. ఈ పేరు 2002లో పారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో పుట్టింది. 2019 నవంబరు 25న యునెస్కో సర్వసభ్య సమావేశం ఆమోదించిన సిఫారసు కూడా ఉచితంగా అందుబాటులో ఉండటంతో పాటు తిరిగి వాడుకోవడం, అవసరానికి తగ్గట్టు మలచుకోవడం, మళ్లీ పంచడం అనే హక్కులను నిర్వచనంలోనే చేర్చింది.

అమెరికా విద్యావేత్త డేవిడ్ వైలీ ఈ హక్కులను ఐదుగా చెప్పారు: దగ్గర ఉంచుకోవడం, వాడుకోవడం, సవరించుకోవడం, వేరొకదానితో కలుపుకోవడం, తిరిగి పంచడం. వీటిలో దగ్గర ఉంచుకునే హక్కును ఆయన 2014లో చేర్చారు. చదవనిచ్చి, దింపుకోనివ్వని వేదికలు పెరుగుతున్న కాలంలో ఆ చేర్పు ఎంత అవసరమో తరగతి మధ్యలో లింకు తెరుచుకోని అధ్యాపకులందరికీ తెలుసు.

ఇక లైసెన్సు గుర్తుల సంగతి. రచనను ఏ షరతులతో వాడుకోవచ్చో హక్కుదారు ముందే చెప్పే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి, ఇప్పుడు వాడుకలో ఉన్న 4.0 రూపం 2013 నవంబరులో వచ్చింది. సీసీ బై అని ఉంటే రచయిత పేరు చెప్పి, మార్పులు చేసి ఉంటే ఆ మాట కూడా చెప్పి ఎలాగైనా వాడుకోవచ్చు. దాని పక్కన ఎస్ఏ అని ఉంటే మీరు మార్చి చేసినదాన్ని కూడా అదే లైసెన్సు కింద విడుదల చేయాలి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చిన రూపాన్ని ఎవరికీ పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. కాబట్టి మీ నలభై లింకుల్లో ఎన్‌డీ గుర్తున్నవాటిని ముందుగా పక్కన పెట్టండి. అవి చదివించడానికి పనికొస్తాయి, తెలుగు చేసి పంచడానికి పనికిరావు.

ఒక సంస్థ పేరు చూసి లైసెన్సును ఊహించకండి. రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ఓపెన్‌స్టాక్స్ తన తొలి పాఠ్యపుస్తకాలను 2012లో సీసీ బై కింద విడుదల చేసింది. అదే సంస్థ కాలిక్యులస్ సంపుటాలకు మాత్రం బై ఎన్‌సీ ఎస్ఏ ఉంటుంది. ప్రతి పుస్తకానికీ, ప్రతి కూర్పుకీ లైసెన్సు పుట తెరిచి చూడాల్సిందే. పుస్తకం మొత్తానికి స్వేచ్ఛా లైసెన్సు ఉన్నా, లోపల ఒక బొమ్మ కింద ఫలానా వారి అనుమతితో అని రాసి ఉంటే ఆ బొమ్మకు ఆ స్వేచ్ఛ వర్తించదు.

గణితబంధు

మేడమ్, సమయం గురించి అడిగారు కనుక నా అనుభవం చెబుతాను. మొదటిసారి నేను ఏడాది సిలబస్ మొత్తాన్ని సెలవుల్లో తయారు చేద్దామని కూర్చున్నాను. ఇరవై రోజుల తర్వాత నా దగ్గర ఉన్నవి పద్ధతిగా పేర్లు పెట్టిన ఫోల్డర్లు మాత్రమే, చెప్పడానికి సిద్ధమైన పాఠం ఒక్కటీ లేదు. వనరులు పోగు చేయడం పాఠం తయారు చేయడమే అనుకోవడం నేను చేసిన పొరపాటు.

రెండో సంవత్సరం దారి మార్చాను. ఏ పాఠం దగ్గర పిల్లలు ప్రతిసారీ తడబడతారో ఆ ఒక్కదాన్నే తీసుకున్నాను. నా విషయంలో అది భిన్నాల భాగహారం. పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో ముందు ఒక కాగితం మీద రాసుకుని, ఆ తప్పుకు పనికొచ్చే వనరు కోసమే వెతికాను. అప్పుడు వెతకడానికి ఒక సాయంత్రం, మార్చడానికి రెండు సాయంత్రాలు పట్టాయి. మరుసటి ఏడాది అదే పాఠాన్ని సరిదిద్దుకోవడానికి గంట కూడా పట్టలేదు. ఆ లెక్కన నాలుగేళ్లలో పదకొండు పాఠాలు చేయగలిగాను. పుస్తకంలో మిగిలిన భాగాన్ని మామూలుగానే చెబుతున్నాను, అందులో నాకు చిన్నతనమేమీ లేదు.

ఇంకొక మాట. ఎంచుకునేటప్పుడు మార్చడానికి వీలున్న ఫైలు దొరుకుతుందో లేదో చూడండి. లైసెన్సు మార్చుకోమంటుంది, చేతిలో ఉన్నదేమో పీడీఎఫ్. సమీకరణాలను మళ్లీ మొదటి నుంచి టైపు చేయాల్సి వస్తే ఆ స్వేచ్ఛ కాగితానికే పరిమితమవుతుంది. మూల ఫైలు ఇచ్చినవారి వనరు ఒక మెట్టు తక్కువ నాణ్యతతో ఉన్నా, నేను దాన్నే తీసుకుంటాను.

నిశ్చలతరంగం

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని లైసెన్సులు చూస్తే నలభైలో పదిహేడు మిగిలాయి. గణితబంధు గారి మాట విని ఒక్క పాఠమే ఎంచుకున్నాను: విద్యుత్ వలయాల్లో బల్బుల శ్రేణి, సమాంతర సంధానం. ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. వివరణ ఒక బై ఎస్ఏ పుస్తకంలో బాగుంది, లెక్కలు ఒక బై ఎన్‌సీ ఎస్ఏ సంపుటంలో బాగున్నాయి. రెంటినీ కలపవచ్చా?

గ్రంథాలయదీపం

రెండింటినీ కలిపి, మార్చి, ఒకే కొత్త పాఠంగా అల్లడానికి వీలులేదు. మొదటిది ఫలితాన్ని బై ఎస్ఏ కింద విడుదల చేయమంటుంది, రెండోది బై ఎన్‌సీ ఎస్ఏ కిందే విడుదల చేయమంటుంది. ఒకే పాఠం రెండు షరతులనూ తీర్చలేదు. కానీ విడివిడిగా ఉంచి పక్కపక్కన ఇవ్వవచ్చు. వివరణ ఒక ఫైలు, లెక్కలు మరో ఫైలు; దేని లైసెన్సు దాని మీద ఉంటుంది. దాన్ని సంకలనం అంటారు. సంకలనంలో ప్రతి భాగమూ తన షరతులను తానే మోస్తుంది.

ఎన్‌సీ గురించి అధ్యాపకులు అనవసరంగా భయపడే సందర్భం ఒకటి ఉంది. బడి కోసం ఎన్‌సీ గుర్తున్న పాఠాలను బయటి దుకాణంలో ప్రతులు తీయించి డబ్బు చెల్లిస్తే అది వ్యాపారమవుతుందా అన్న వివాదం అమెరికాలో కోర్టుకెక్కింది. పాఠశాలలు తమకున్న హక్కును ఆ దుకాణం చేత అమలు చేయించుకుంటున్నాయని, అందువల్ల లైసెన్సు ఉల్లంఘన జరగలేదని 2018లో అక్కడి ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం తేల్చింది. అది ఆ దేశపు తీర్పే అయినా ఆలోచించే తీరు తెలుస్తుంది.

పేరు చెప్పే వరుసలో నాలుగు సంగతులు ఉండాలి: శీర్షిక, రచయిత, మూలం ఉన్న చోటు, లైసెన్సు. మీరు మార్చి ఉంటే ఏం మార్చారో ఒక్క వాక్యంలో చేర్చండి. ఇది చివర్లో చేద్దామని వాయిదా వేస్తే ఏ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో మీకే గుర్తుండదు. అతికించిన క్షణమే ఆ వరుస రాయండి. పొరపాటున ఎక్కడైనా తప్పు జరిగినా, 4.0 లైసెన్సుల్లో ఒక వెసులుబాటు ఉంది: తప్పు తెలిసిన 30 రోజుల్లోపు సరిదిద్దితే పోయిన హక్కులు వాటంతట అవే తిరిగి వస్తాయి.

చరిత్రపుట

చర్చ చదువుతున్నాను, నా అభ్యంతరం ఒకటి చెప్పాలనిపించింది. లైసెన్సుల గురించి ఇంత జాగ్రత్తగా మాట్లాడుకుంటున్నాం, నాణ్యత గురించి ఎవరూ ఎత్తలేదు. ముద్రిత పాఠ్యపుస్తకానికి సంపాదకులుంటారు, పరిశీలకులుంటారు, తప్పు దొర్లితే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. ఎవరో ఎక్కడో పెట్టిన పాఠానికి పూచీ ఎవరిది? నా పాఠ్యాంశంలో ఈ ప్రశ్న మరీ బరువైనది. ఒక తేదీ తప్పితే సరిదిద్దవచ్చు, ఒక ఘటన మీద ఏకపక్షంగా రాసిన కథనాన్ని విద్యార్థి నిజమని నమ్మితే దాన్ని తుడవడం కష్టం.

రెండో అభ్యంతరం శ్రమ గురించి. గణితబంధు గారు నాలుగేళ్ల సాయంత్రాలు వెచ్చించారు, దానికి గుర్తింపు ఏదీ? పుస్తకాల ఖర్చు తగ్గిందని సంస్థలు సంతోషిస్తాయి. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, అధ్యాపకుల విశ్రాంతి సమయంలోకి మారింది. పని గంటలు కేటాయించకుండా స్వేచ్ఛా వనరులు వాడండని చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

గణితబంధు

చరిత్రపుట గారూ, మీ రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. యునెస్కో 2019 సిఫారసు సభ్యదేశాలకు సూచించిన ఐదు రంగాల్లో సామర్థ్యాల పెంపు, అనుకూల విధానం, నిలకడగా నడిచే నమూనాలు ఉన్నాయి. అంటే ఈ భారం ఒక్క అధ్యాపకుడి భుజాల మీదే పడకూడదని అక్కడా అనుకున్నారు. ఆచరణలో మాకు కుదిరిన దారి వేరు. మేము ముగ్గురం లెక్కల అధ్యాపకులం పాఠాలు పంచుకున్నాం. ఒకరు చేసినదాన్ని ఇద్దరు తరగతిలో వాడి చూస్తారు, తప్పులు పట్టుకుంటారు. పని మూడో వంతయింది, నాణ్యత గురించి మీరడిగిన పూచీ కూడా అక్కడే కొంత దొరికింది.

మొదటి అభ్యంతరంలో మాత్రం నాకు భేదం ఉంది. స్వేచ్ఛా వనరులన్నీ ఎవరో ఎక్కడో పెట్టినవి కావు. ఎంఐటీ తన పాఠాలను అందరికీ తెరుస్తానని 2001లో ప్రకటించి, మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలుపెట్టింది. ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలను ఆయా రంగాల అధ్యాపకులు రాసి, పరిశీలించి, దొర్లిన తప్పుల పట్టికను బహిరంగంగా పెడతారు. పూచీ ఉన్నవీ లేనివీ రెండూ ఉన్నాయి, ఏరుకోవాలి. ముద్రిత పుస్తకాల్లోనూ ఆ ఏరుకోవడం తప్పదు కదా.

ఫలితాల సంగతీ చెప్పాలి. 2018లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అధ్యయనం 21 వేలకు పైగా విద్యార్థుల మార్కులు పరిశీలించింది. కొన్న పుస్తకం బదులు స్వేచ్ఛా పాఠ్యపుస్తకం వాడిన తరగతుల్లో గ్రేడ్లు మెరుగుపడ్డాయని, ఆర్థిక సాయం మీద చదివేవారిలో ఆ మెరుగు ఇంకా ఎక్కువగా కనిపించిందని తేల్చింది. అది వేర్వేరు సెమిస్టర్ల తరగతులను పోల్చి చూసినది, చీటీలు వేసి విభజించిన ప్రయోగం కాదు కనుక దాన్ని చివరి మాటగా నేను చెప్పను. అయినా మొదటి రోజు నుంచే అందరి చేతిలో పుస్తకం ఉంటే చదువు మారుతుందన్నది నేను కళ్లారా చూసిన విషయం.

చరిత్రపుట

మీరు చెప్పినవాటిలో తప్పుల పట్టిక నన్ను ఆకట్టుకుంది. నేను ఆ ఏకపక్ష కథనం గురించి మరోలా ఆలోచిస్తున్నాను. మార్చుకునే హక్కు ఉంది కనుక, ఒకే ఘటన మీద రెండు స్వేచ్ఛా కథనాలను పక్కపక్కన పెట్టి, ఎవరు ఏ ఆధారం చూపారో విద్యార్థుల చేతే గీతలు గీయించవచ్చు. అమ్మకానికి ఉన్న పుస్తకంతో ఇది అంత సులభంగా చేయలేను. ఒక పాఠానికి ప్రయత్నిస్తాను.

పదకోశం

నిశ్చలతరంగం గారూ, మీరు తెలుగు చేస్తానన్నారు కనుక ఈ టపా. నేను శాస్త్ర పాఠాల అనువాదంలో ఉన్నాను. మొదటి పుట మొదలుపెట్టక ముందే పదాల పట్టిక ఒకటి రాసి పెట్టుకోండి. బలం, శక్తి, సామర్థ్యం అనే మూడూ మామూలు మాటల్లో ఒకదాని బదులు ఒకటి వాడతాం, భౌతికశాస్త్రంలో అవి మూడు వేర్వేరు రాశులు. వడికి దిశ లేదు, వేగానికి ఉంది. కానీ వాడుకలో రెంటికీ వేగం అనే అంటాం. యంత్రానువాదం ఒక వాక్యంలో ఒకటి, మరో వాక్యంలో ఇంకొకటి రాస్తుంది. మొదటి ముసాయిదాకు దాన్ని వాడుకోవచ్చు, పదాల పట్టిక పక్కన లేకుండా మాత్రం వాడవద్దు.

మీరు ఎంచుకున్న వలయాల పాఠంలో ఇంకా లోతైన చిక్కు ఉంది. మనం కరెంటు పోయిందంటాం, ఈ నెల కరెంటు ఎక్కువ కాలిందంటాం. ఆ మాటల్లో కరెంటు అంటే సరఫరా, లేదా ఖర్చయిన శక్తి. పాఠంలో కరెంటు అంటే సెకనుకు ఎంత ఆవేశం ప్రవహిస్తోందన్న లెక్క. కాలిపోయే కరెంటుతో పెరిగిన పిల్లవాడు మొదటి బల్బు కొంత కరెంటును కాల్చేసి, మిగిలినదాన్ని రెండో బల్బుకు పంపుతుందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ అపోహ ఇతర భాషల పిల్లల్లోనూ ఉంటుంది, కానీ మన వాడుక దానికి ఊతమిస్తుంది. ఇంగ్లీషు మూలంలో ఈ వాక్యం ఉండదు. మీరే రాయాలి. మూలాన్ని మార్చే హక్కు మనకెందుకు కావాలో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తోచదు. ఉన్నదాన్ని ఉన్నట్టు తెలుగు చేస్తే, మన పిల్లవాడికి కావలసిన ఆ ఒక్క పేరా పాఠంలో ఉండదు.

చుక్కలలిపి

నేను చూపు లేని విద్యార్థులకు బోధిస్తాను. ఈ చర్చలో పాల్గొంటున్న అందరికీ నాదొక విన్నపం. మీరు తయారు చేసే ఫైలు మా పిల్లలకు కూడా అందాలంటే పెద్ద ఖర్చేమీ అక్కరలేదు, మొదట్లోనే నాలుగు జాగ్రత్తలు చాలు.

తెలుగును యూనికోడ్‌లోనే టైపు చేయండి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలు కళ్లకు తెలుగులా కనిపిస్తుంది. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తెర చదివే సాఫ్ట్‌వేరు వాటినే చదువుతుంది. నా విద్యార్థి ఒకరు అలాంటి పాఠాన్ని పది నిమిషాలు విని, ఇది ఏ భాష అని అడిగారు. పుస్తకం పుటలను ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తే ఆ మాత్రం కూడా వినిపించదు. శీర్షికలకు అక్షరాలు పెద్దవి చేసి ఊరుకోకుండా శీర్షిక శైలిని వాడండి, అప్పుడే మా పిల్లలు ఒక భాగం నుంచి మరో భాగానికి దూకగలుగుతారు. ప్రతి బొమ్మకూ దాన్ని చూడనివారికి అర్థమయ్యే వివరణ ఒకటి రాయండి. వలయం బొమ్మకు ‘విద్యుత్ వలయం’ అని రాస్తే చాలదు, ఘటం (బ్యాటరీ) ఏ చివర నుంచి తీగ బయలుదేరి ఏ బల్బును దాటి ఎక్కడికి చేరిందో చెప్పాలి.

స్వేచ్ఛా లైసెన్సు మాకు మరో రకంగా మేలు చేసింది. ఒక పుస్తకాన్ని బ్రెయిలులోకో శ్రవణ రూపంలోకో మార్చడానికి ప్రతిసారీ ఉత్తరాలు రాసి అనుమతి కోసం ఎదురుచూసే పని తప్పింది.

జీవసోపానం

నేను ఈ సంవత్సరమే బోధనలోకి వచ్చాను. మా తరగతి గదిలో ఇంటర్నెట్ నమ్మకంగా ఉండదు. అలాంటి చోట ఇవన్నీ ఎలా వాడాలి?

గ్రంథాలయదీపం

దగ్గర ఉంచుకునే హక్కు అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వికీపీడియాను ఇంటర్నెట్ లేకుండా చదువుకోవచ్చు, తెలుగు వికీపీడియాకు కూడా అలాంటి ఫైలు ఉంది. లర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ తయారు చేసిన కొలిబ్రీ అనే సాఫ్ట్‌వేరులో పాఠాలు, వీడియోలు, అభ్యాసాలు ఒక్కసారి నింపుకుంటే, గదిలోని ఒక కంప్యూటరు నుంచి మిగతా పరికరాలు వాటిని అందుకుంటాయి. కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి వచ్చే ఫెట్ అనుకరణలను కూడా ముందే దింపుకుని పెట్టుకోవచ్చు. తరగతికి ముందు రోజు, ఇంటర్నెట్ ఆపేసి ప్రతి ఫైలూ ఒకసారి తెరిచి చూడటం అలవాటు చేసుకోండి.

నిశ్చలతరంగం

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. పాఠం తయారైంది, నిన్న తరగతిలో చెప్పాను. ఏం జరిగిందో మీకందరికీ చెప్పాలనిపించింది.

నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్‌లోని వలయాల అనుకరణను ఎంచుకున్నాను. తెర మీద ఒక ఘటం, దాని వెంట ఒకదాని తర్వాత ఒకటిగా రెండు బల్బులు పెట్టి, స్విచ్ వేయకముందు ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందో కాగితం మీద రాయమన్నాను. 46 మందిలో 29 మంది మొదటి బల్బే అని రాశారు. ఎందుకని అడిగితే ఒక అమ్మాయి, రెండోదానికి వచ్చేసరికి కరెంటు కొంత కాలిపోతుంది కదా మేడమ్ అంది. పదకోశం గారు రాసిన మాటే అక్షరాలా వినిపించింది. స్విచ్ వేస్తే రెండూ సమానంగా వెలిగాయి. కరెంటును కొలిచే అమ్మీటరును మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండో బల్బు తర్వాత పెట్టి చూపించాను, మూడు చోట్లా ఒకటే అంకె. అప్పుడు నేను రాసుకున్న ఆ కొత్త పేరా చదివించాను: మనం కాలిందని చెప్పేది శక్తి, తీగలో ప్రవాహం ఎక్కడా తరగలేదు.

ఆ తర్వాత జరిగినది నేను అనుకోనిది. సమాంతర సంధానంలో రెండో బల్బు చేర్చినా మొదటిదాని వెలుగు తగ్గదని తెర మీద చూపించి, అదే ప్రయోగాన్ని నిజమైన ఘటంతో, నిజమైన బల్బులతో చేయించాను. వెనుక వరుసలో ఒక అబ్బాయి లేచి, ఇక్కడ కొంచెం తగ్గిందండీ అన్నాడు. నిజంగానే తగ్గింది. మేం వాడిన ఘటం పాతది, దాని అంతర్గత నిరోధం, అంటే ఘటం లోపలే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఎక్కువ. అనుకరణలోని ఘటానికి మామూలుగా ఆ నిరోధం ఉండదు, కానీ దాన్ని పెంచుకునే మీట ఒకటి ఉంది. ఆ అబ్బాయినే పిలిచి, తెర మీది వెలుగు బల్ల మీది వెలుగులా తగ్గే వరకు ఆ మీటను జరపమన్నాను. మిగతా అరగంటా అంతర్గత నిరోధం గురించే మాట్లాడుకున్నాం. అది వచ్చే నెల చెప్పాల్సిన పాఠం.

సమయం లెక్క కూడా రాస్తాను, నాలాంటివారికి పనికొస్తుంది. వెతకడానికి, లైసెన్సులు చూడటానికి ఆరు గంటలు, అనువాదానికి తొమ్మిది, బొమ్మల వివరణలకు రెండు. అనువాదంలో సగం సమయం పదాల పట్టికకే పోయింది, ఇక అది తర్వాతి పాఠానికీ పనిచేస్తుంది. పాఠాన్ని బై ఎస్ఏ కింద, మార్చుకునే వీలున్న ఫైలుగా ఇక్కడ జతచేస్తున్నాను. లెక్కలు వేరే ఫైలులో, వాటి లైసెన్సుతో ఉన్నాయి.

గ్రంథాలయదీపం

చాలా సంతోషం మేడమ్. ఒక్క ముందుజాగ్రత్త. మీరు ఉద్యోగంలో భాగంగా రాసినదాని మీద హక్కు మీదో, సంస్థదో నియామక పత్రంలో ఒకసారి చూసుకోండి. ఒకసారి ఇచ్చిన స్వేచ్ఛా లైసెన్సును ఆ ప్రతి పొందినవారి నుంచి వెనక్కి తీసుకోలేం.

నిశ్చలతరంగం

జతచేసే ముందే చూసుకున్నానండీ. బోధన సామగ్రి మీద హక్కు అధ్యాపకులకే ఉంటుందని అందులో రాసి ఉంది, మా విభాగాధిపతి కూడా లిఖితపూర్వకంగా సమ్మతించారు.

చుక్కలలిపి

పాఠాన్ని మా విద్యార్థితో వినిపించి చూశాను. బొమ్మల వివరణలు స్పష్టంగా ఉన్నాయి, ఒక్కచోట తప్ప. నాలుగో బొమ్మలో అమ్మీటరును ఏ తీగకు కలిపారో చెప్పలేదు. తను విని, సమాంతరంగా కలిపారేమో అనుకున్నాడు.

పదకోశం

నేనూ చదివాను. మూడో పుట చివరి పేరాలో ఎలక్ట్రాన్ల సగటు వడి అని ఉంది, అక్కడ మీరు దిశ గురించి కూడా మాట్లాడుతున్నారు కనుక వేగం అని ఉండాలి. ఆ పదాన్ని, చుక్కలలిపి గారు చెప్పిన నాలుగో బొమ్మ వివరణను సరిచేసి, మొదటి పుటలో మార్పుల వరుస చేర్చి, ఫైలును తిరిగి జతచేశాను. ఆరో పుటలోని అంతర్గత నిరోధం సంగతిని విడిగా ఒక పెట్టెలో పెడితే బాగుంటుందనిపించింది. అది మీరు చూసి నిర్ణయించాల్సినది కనుక ముట్టుకోలేదు.